చైనీస్ మాట్లాడటం రావాలంటే డిజిటల్ కథలు పనికొస్తాయా?

చెంగ్డూ_మెడికో: చైనాలో ఎంబీబీఎస్ రెండో ఏడాది. సొంత కథ రాసుకుని, మన గొంతుతో రికార్డ్ చేసి, ఫొటోలు జోడించి 3 నిమిషాల వీడియో చేయమన్నారు చైనీస్ మేడమ్. దీంతో మాట్లాడటం వస్తుందా?

మాండరిన్_టీచర్_హైదరాబాద్: తప్పకుండా వస్తుంది. క్లాసులో నోరు విప్పని మా స్టూడెంట్ ఒకమ్మాయి అమ్మమ్మ వంటింటి కథను 14 సార్లు రికార్డ్ చేసింది. చైనీస్‌లో టోన్, అంటే గొంతు ఎత్తుదింపులు, మారితే మాట అర్థమే మారుతుంది. 'ష్వేజ్యావ్' రెండక్షరాలూ నాలుగో టోన్‌లో అంటే నిద్రపోవడం. రెండూ మూడో టోన్ అయితే ఉడికించిన డంప్లింగ్స్, పలికేటప్పుడు మొదటిది రెండో టోన్‌కి మారుతుంది. తన గొంతు తాను విన్నాకే ఆ పిల్లకు తేడా తెలిసింది.

ఇంటర్న్_అక్క: 14 సార్లు చదివితే అది బట్టీ. నా వీడియోకి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. నెల తిరక్కుండానే వార్డులో ఒక పెద్దాయనను రాత్రి నిద్ర పట్టిందా అని అడిగాను. టోన్ సరిగ్గానే పలికాను. ఆయన సిచువాన్ యాసలో గబగబా ఏదో చెప్పారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. కేస్‌షీట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చివరికి ఆయన కూతురు ఫోన్‌లో టైప్ చేసి చూపించింది.

రవి_77: స్క్రిప్ట్ పిన్‌యిన్‌లోనా (చైనీస్‌ను ఇంగ్లిష్ లిపిలో రాసే పద్ధతి), చైనీస్ అక్షరాల్లోనా? పిన్‌యిన్ అయితే లెక్కలోకే రాదు.

మాండరిన్_టీచర్_హైదరాబాద్: పిన్‌యిన్‌లోనే. టోన్ గుర్తులు ఉండేది అందులోనే కదా!

రవి_77: అక్షరాలు రాకుండా చైనీస్ ఏంటండీ?

ఇంటర్న్_అక్క: రోగి ముందు అక్షరాలు ఏం చేసుకోను? మా డిగ్రీకి అడిగింది హెచ్‌ఎస్‌కే 4, అంటే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి. నేను రాసినప్పుడు అందులో వినడం, చదవడం, రాయడమే. మాట్లాడటానికి హెచ్‌ఎస్‌కేకే అని వేరే పరీక్ష ఉంది, అది ఎవరూ అడగలేదు. వీడియో ఒకటి చేయించి, మాట్లాడటం నేర్పామన్నారు. ఇన్నేళ్లలో నాకు ఎదురు ప్రశ్న వేసినవాళ్లే లేరు.

మాండరిన్_టీచర్_హైదరాబాద్: ఎదురు ప్రశ్నల సంగతి నాకు చెప్పకండి. నేను చదువుకునే రోజుల్లో 'మిమ్మల్ని ఒకటి అడగాలి' అనబోయి 'వెన్' టోన్ తప్పాను. అది 'ముద్దు పెట్టుకోవాలి' అయింది. క్లాసంతా నవ్వారు, సారుతో సహా. ఏడాదిపాటు ఆ క్లాసులో నోరెత్తలేదు. ఎవరూ చూడని గదిలో తప్పు పలికి దిద్దుకునే చోటు నా పిల్లలకు ఉండాలి.

ఇంటర్న్_అక్క: ఉండనివ్వండి. కానీ ఆ గదిలోంచి బయటికి ఎప్పుడు తెస్తారు? నన్ను ఎవరూ తేలేదు. వీడియో అయ్యాక పది నిమిషాలు ప్రశ్నలు అడగనివ్వండి.

మాండరిన్_టీచర్_హైదరాబాద్: మొదటి వీడియోకి మాత్రం అడగనివ్వను.

చెంగ్డూ_మెడికో: అక్కా, శుక్రవారం నాది వేస్తారు. ప్రశ్నలు అడగమని మేడమ్‌కి నేనే చెప్తాను. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.