ఒళ్లో కూర్చున్న పిల్లి నిమురుతుంటే ఉన్నట్టుండి రక్కుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కడప, ఎర్రముక్కపల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మా మల్లి గురించి అడగాలి. తెల్లపిల్లి, చెవుల మీద మాత్రం నల్లమచ్చలు. పోయిన వానాకాలంలో బుగ్గవంక పక్కన గోడసందులో ఇరుక్కుని అరుస్తుంటే మా ఆయన తీసుకొచ్చాడు. అప్పటికే ఎదిగిన పిల్లి. వీధిలో ఏం అనుభవించిందో ఏమో, స్టీలు గిన్నె కింద పడినా, కుక్కర్ విజిల్ వేసినా మంచం కిందికి దూరిపోతుంది.

తనే వచ్చి కాళ్లకు రాసుకుంటుంది, ఒళ్లోకి ఎక్కుతుంది, గుర్రుగుర్రుమంటుంది. తల నుంచి తోక దాకా నిమురుతుంటే ఒక నిమిషం బాగానే ఉంటుంది. అంతలో తిరిగి చేతిని కాళ్లతో పట్టేసి రక్కుతుంది. పది రోజుల కిందట మా పాపకు మణికట్టు మీద రక్తం వచ్చేట్టు గీరింది. పాపకు తొమ్మిదేళ్లు. వెంటనే కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే రేబిస్‌ను అడ్డుకునే మందు వేశారు. రేబిస్ సూదులు మూడు అయ్యాయి, 28వ రోజుది మిగిలింది. మల్లికి అప్పటిదాకా టీకా వేయించలేదు, ఆ తప్పు నాదే.

పాప సూదికి ఏడవలేదు. ‘ప్రేమగానే కదమ్మా నిమిరాను, నేనంటే దానికి ఇష్టం లేదా’ అని రాత్రి ఏడ్చింది. మా అత్తమ్మ దేవుని కడప చెరువు దగ్గర వదిలేసి రమ్మంటోంది. మనవరాలి మీద ప్రేమతో అంటోందని తెలుసు. కానీ వీధిలో అంత భయపడి వచ్చిన ప్రాణిని మళ్లీ వీధిలోకే వదలడం నా వల్ల కాదు. దారి చెప్పండి.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి)

గోళ్ల కొనలు కత్తిరించండి అక్కా. వెలుతురులో చూస్తే గోరు లోపల గులాబీరంగు కనిపిస్తుంది, అక్కడిదాకా పోకూడదు, రక్తం వస్తుంది. రక్కినప్పుడు మా ఇంట్లో మొహం మీద నీళ్లు చిలకరించేవాళ్లం.

జవాబు (కర్నూలు నుంచి)

తల్లీ, గోళ్ల మాట సరే, నీళ్లు మాత్రం వద్దు. భయస్థురాలైన పిల్లికి చెయ్యి కనిపిస్తే నీళ్లు గుర్తొస్తాయి. ఇంకా ముందే రక్కుతుంది.

మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా పిల్లులున్నాయి. నల్లోడు అని ఒకడు ఉండేవాడు, అచ్చం మీ మల్లిలాగే. ఉన్నట్టుండి రక్కుతాడని మేమూ అనుకునేవాళ్లం. ఒకరోజు మా ఆవిడ వాడిని నిమురుతుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. ముందు తోక కొన మాత్రం టిక్కుటిక్కుమని కదిలింది. తర్వాత వీపు మీద చర్మం అలలా వణికింది. చెవులు పక్కలకు తిరిగాయి, కంటిపాపలు పెద్దవయ్యాయి, గుర్రు ఆగింది. ఆ తర్వాతే పంజా లేచింది. వాడు చెబుతూనే ఉన్నాడు, మేమే వినలేదు. గుర్రుమంటోంది కదా అని ధీమాగా ఉండొద్దు. పిల్లి భయపడినా, నొప్పి పుట్టినా కూడా గుర్రుమంటుంది.

అందుకని మూడు లెక్కపెట్టేదాకానే నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ తలతో తోస్తే ఇంకో మూడు, తోయకపోతే అంతే. చెంపలు, గడ్డం కింద, చెవుల మధ్య చాలు. పొట్ట, తోక మొదలు వదిలేయండి. ఒళ్లో కూర్చుంది అంటే నిమరమని కాదు, కొన్నిసార్లు వెచ్చగా ఉంటుందని కూర్చుంటుంది. పాప కూడా మల్లిని ఎత్తుకోకుండా, వేలు ముందుకు పెట్టి వాసన చూడనివ్వాలి. చేతులతో ఆడించొద్దు, దారానికి గుడ్డపీలిక కట్టి ఆడించండి, ఆట అయ్యాక ఆ దారం మింగకుండా తీసి దాచండి.

ఇంకొకటి, ముందు డాక్టరుకు చూపించండి. నల్లోడికి చివరికి తేలింది పన్ను పాడైందని. చెంప తాకితే ఎంత బాధపడ్డాడో తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది. మీ మల్లి ఎక్కడ తాకితే తిరగబడుతోంది?

ప్రశ్న అడిగినావిడ

నడుము దాటి తోక దగ్గరికి పోయినప్పుడే అన్నా. ఇంతవరకు గమనించలేదు.

అనంతపురం నుంచి

అక్కడైతే మిన్నల్లులు, అంటే బొచ్చులో తిరుగుతూ రక్తం తాగే చిన్న పురుగులు ఉన్నాయేమో దువ్వెనతో దువ్వి చూడండి. తడి దూది మీద నల్లపొడి రాలి ఎర్రగా కరిగితే అవే. ఒక్క మాట, కుక్కల కోసం అమ్మే మందు పొరపాటున కూడా వేయొద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లులకు విషం, ప్రాణం పోతుంది. డాక్టరు రాసిందే వాడండి.

ప్రశ్న అడిగినావిడ (ఇరవై రోజుల తర్వాత)

మీరు చెప్పినట్టే పశువైద్యుడికి చూపించాం. తోక మొదట్లో చర్మం మిన్నల్లుల కాట్లకు పొక్కిపోయి ఉంది. సరిగ్గా అక్కడే రోజూ నిమురుతూ వచ్చాం. పిల్లులకు వాడే మందు మెడ వెనక వేశారు, రేబిస్ టీకా కూడా వేయించాను.

హాల్లో కడప బండల అలమర ఉంది. పైఅరలో పాత పుస్తకాలు తీసేసి నా మెత్తటి నేతచీర మడిచి వేశాను. ఈ ఎండల్లో బండ చల్లగా ఉంటుంది, పైనుంచి ఇల్లంతా కనిపిస్తుంది. కుక్కర్ విజిల్‌కు ఇప్పుడు మంచం కిందికి కాదు, ఆ అరలోకి పోతోంది. అక్కడున్నప్పుడు ఎవరూ తాకకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

పాప నాలుగో సూది అయిపోయింది. ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కపెట్టి చెయ్యి తీస్తోంది. మొన్న రెండు దగ్గరే మల్లి తోక కొన కదిలింది. నేను చెప్పేలోపే తనే చెయ్యి వెనక్కి తీసుకుని, ‘చాలంటోందమ్మా’ అంది. మల్లి దిగిపోలేదు, పాప పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అత్తమ్మ ఇంకా దగ్గరికి రాలేదు. పాలగిన్నె పక్కన నీళ్లగిన్నె మాత్రం పొద్దున ఆమే నింపింది.