నాలుగు పిన్నుల కారుకు ఏడు పిన్నుల క్యాంపర్: అడాప్టర్ చాలదా?

కొత్త_క్యాంపర్ (టెక్సస్):
కారుకు తగిలించి లాగే చక్రాల ఇల్లు, అదే పాత క్యాంపర్ ఒకటి కొన్నాము. సామాను సర్దితే 3,800 పౌండ్లు తూగుతుంది. దాని ప్లగ్గుకు ఏడు పిన్నులు, మా ఎస్‌యూవీ వెనక ఉన్నది చదునైన నాలుగు పిన్నుల ప్లగ్గు. రెంటినీ కలిపే అడాప్టర్ చవకగా దొరుకుతోంది. సరిపోతుందా?

గాలం_వేటగాడు:
సరిపోతుంది. ఏళ్ల తరబడి పడవ లాగుతున్నాను. తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేకు దీపాలూ ఆ పసుపు, ఆకుపచ్చ వైర్లలోనే వస్తాయి. ఇంకేం కావాలి?

పాత_పెట్టె:
దీపాల వరకు సరే. క్యాంపర్ చక్రాల్లోని కరెంటు బ్రేకులకు మాత్రం ఆ అడాప్టర్ గుండా ఏమీ అందదు. కారు నుంచి రాని కరెంటును అడాప్టర్ ఎక్కడి నుంచి తెస్తుంది? ముందు కారులో బ్రేక్ కంట్రోలర్ (మీరు బ్రేకు తొక్కగానే క్యాంపర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టె) పెట్టించి, అక్కడి నుంచి నీలం వైరును ఏడు పిన్నుల సాకెట్టు దాకా లాగాలి.

గాలం_వేటగాడు:
నీలం బ్రేకుకు కాదండీ, రివర్సుకు. మా ట్రెయిలర్‌కు అయిదు పిన్నులు. అయిదోది నీలం, రివర్సు దీపం వైరుకే కలిపారు. కళ్లతో చూసిన సంగతి.

పాత_పెట్టె:
ఏడు పిన్నుల్లో రివర్సు ఊదారంగు, నట్టనడుమ పిన్ను. నీలం బ్రేకే. మీ మాట విని ఆయన రివర్సు వైరును నీలానికి కలిపితే, వెనక్కి తీసిన ప్రతిసారీ క్యాంపర్ చక్రాలు బిగుసుకుంటాయి. హైవే మీద మాత్రం బ్రేకు పడదు.

డల్లాస్_చెల్లి:
రంగులే నమ్మవద్దు. మా క్యాంపర్‌లో గోధుమరంగు కుడి ఇండికేటరుకు, ఆకుపచ్చ వెనక దీపాలకు ఉంది. టెస్ట్ ల్యాంపుతో ఒక్కో పిన్నూ చూసుకోండి.

గాలం_వేటగాడు:
ఇలా భయపెట్టేవాళ్ల మాట విని నేనూ ఒకసారి వర్క్‌షాపుకు వెళ్లాను. దీపాలు వెలగడం లేదంటే వైరింగంతా మార్చాలని 600 డాలర్లు చెప్పారు. ఇంటికొచ్చి తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు గీకి బిగిస్తే అన్నీ వెలిగాయి. మీకూ వర్క్‌షాపు ఉందా, పాత పెట్టె గారూ?

పాత_పెట్టె:
లేదు, పిల్లలున్నారు. వాళ్లు వెనక సీటులో ఉండగా, దిగుడులో మా ప్లగ్గు ఊడిపోయింది. బ్రేకు తొక్కుతున్నా క్యాంపర్ కారును నెట్టుకుంటూ పోయింది. మీ పడవ బండికి బ్రేకు ఎలా పడుతుందో ఎన్నడైనా ఆలోచించారా?

గాలం_వేటగాడు:
ఆలోచించేందుకు ఏముంది? కొక్కెం దగ్గర సిలిండరు ఉంది. కారు నెమ్మదించగానే ట్రెయిలర్ ముందుకు నెడుతుంది, ఆ ఒత్తిడికే బ్రేకు పడుతుంది. కరెంటు అక్కర్లేదు.

పాత_పెట్టె:
మరి ఇంతసేపూ దేనికి వాదించారు! వెనక్కి తీసేటప్పుడూ ఆ నెట్టుడే ఉంటుంది కనుక, అప్పుడు బ్రేకు పడకుండా ఆపడానికే మీ నీలం వైరు. ఆయన క్యాంపర్‌కు ఆ సిలిండరే లేదు.

గాలం_వేటగాడు:
లేకపోతే లేదు. టెక్సస్ చట్టం ట్రెయిలర్‌కు బ్రేకులు అడిగేది 4,500 పౌండ్లు దాటితేనే. ఆయనది అంత లేదు. కొన్న మర్నాడే కంట్రోలరు, సాకెట్టు, కూలి అని లెక్కలు చెబితే మనవాళ్లు ఒక్కరూ క్యాంపింగుకు కదలరు. నా గొడవంతా అదే.

పాత_పెట్టె:
నా గొడవ కారుతో. చాలా కార్ల పుస్తకాల్లో 1,000 పౌండ్లు దాటితే ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు పనిచేయాలని ఉంటుంది. చట్టమే కావాలంటే కాలిఫోర్నియాలో క్యాంపర్‌కు 1,500 పౌండ్లకే అడుగుతారు.

కొత్త_క్యాంపర్:
పుస్తకం తీశాను. మాదీ 1,000 పౌండ్లే. కంట్రోలర్ ఎక్కడ తగిలించాలి?

డల్లాస్_చెల్లి:
డ్యాష్‌బోర్డు కింద, బ్రేకు పెడల్ పైభాగంలో సిద్ధంగా సాకెట్టు ఉందేమో చూడండి. లేకపోతే నాలుగు వైర్లు కలపాలి: బ్యాటరీ, ఎర్త్, బ్రేకు స్విచ్చి, వెనక్కి పోయే నీలం. క్యాంపర్ మీది బ్యాటరీలో చార్జి ఉందో లేదో కూడా చూడండి. క్యాంపర్ కొక్కెం నుంచి తప్పిపోతే, కారుకు కట్టిన తీగ లాగుకోగానే బ్రేకులు వేసేది ఆ బ్యాటరీయే.

గాలం_వేటగాడు:
మీ డబ్బు, మీ ఇష్టం. ఎర్త్‌ను మాత్రం కొక్కెం బంతికి (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకు) వదిలేయకండి, అక్కడ గ్రీజు, తుప్పు తప్ప ఇంకేమీ ఉండవు. తెల్ల వైరు వేరుగా లాగండి.