కె23 దరఖాస్తుకు ప్రధాన మార్గదర్శకులుగా ఎవరిని ఎంచుకోవాలి?

ప్రశ్న:
నేను అమెరికాలో నెఫ్రాలజీ (మూత్రపిండాల వైద్యం) ఫెలోషిప్ చివరి సంవత్సరంలో ఉన్నాను. డయాలసిస్ రోగులు కొందరు సమయం పూర్తికాకముందే యంత్రం ఆపేయమని ఎందుకు అడుగుతారన్న విషయం మీద పరిశోధించాలని, అందుకోసం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్‌ఐహెచ్) రోగులపై పరిశోధన చేసే వైద్యులకు మార్గదర్శకుల వద్ద శిక్షణ కోసం ఇచ్చే కె23 గ్రాంటుకు దరఖాస్తు చేయాలని అనుకుంటున్నాను. మార్గదర్శకులుగా ఇద్దరు అందుబాటులో ఉన్నారు. ఒకరు పెద్ద పేరున్న ప్రొఫెసర్, ఎందరికో ఇలాంటి గ్రాంట్లు వచ్చేలా తీర్చిదిద్దినవారు, కాని కలవడానికి నెలల తరబడి వేచి ఉండాలి. రెండవవారు ఈమధ్యే తొలి ఆర్01 (స్వతంత్ర పరిశోధకులకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే గ్రాంటు) పొందిన అసోసియేట్ ప్రొఫెసర్, అడిగిన రోజే కూర్చుని నా డేటా చూస్తారు. విభాగాధిపతి మాత్రం వారానికి రెండు పూటల క్లినిక్, ఏడాదికి ఆరు వారాల వార్డు డ్యూటీ ఉంటాయని, పరిశోధనకు సమయం సర్దుకోవచ్చని నోటిమాటగా చెప్పారు. నాకు ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. ఎలా ముందుకు వెళ్లమంటారు?

మొదటి సమాధానం:
ఇద్దరినీ ఉంచుకోండి, కాని ఎవరు ఏం నేర్పుతారో కాగితం మీద స్పష్టంగా విడదీయండి. కె23 దరఖాస్తును సమీక్షించేవారు పరిశోధన ప్రణాళికతో పాటు అభ్యర్థిని, శిక్షణ ప్రణాళికను, మార్గదర్శకులను, సంస్థ వాతావరణాన్ని కూడా విడివిడిగా తూచి చూస్తారు. కొత్త పరిశోధకులను తీర్చిదిద్దిన చరిత్ర ప్రధాన మార్గదర్శకుని దగ్గర లేకపోతే ఆ లోటు వెంటనే కంటపడుతుంది కనుక, ప్రొఫెసర్ గారి పేరు ప్రధాన స్థానంలో ఉండటమే మేలని నా అభిప్రాయం. అయితే దరఖాస్తుకు జతచేసే వారి లేఖలో ‘అవసరమైనప్పుడల్లా అందుబాటులో ఉంటాను’ అన్న వాక్యం ఉంటే దాన్ని మార్చమని మర్యాదగా అడగండి. నెలకొకసారి గంటసేపు ముఖాముఖి సమావేశం ఉంటుందని, అసోసియేట్ ప్రొఫెసర్ గారు ప్రతి వారం మీతో డేటా చూస్తారని, ఏటా ఒకసారి సలహా సంఘం మీ పురోగతిని పరిశీలిస్తుందని రాస్తే చదివేవారికి నమ్మకం కుదురుతుంది. వారు ఆ మాత్రం రాయడానికి కూడా వెనకాడితే, మీకు కావలసిన జవాబు అక్కడే దొరికినట్టు.

ఇంకొక మాట. మీకు రాని విద్య ఏమిటో దాచకండి. రోగులను ఇంటర్వ్యూ చేసే పద్ధతులు, పదేపదే తీసుకున్న కొలతల గణాంక విశ్లేషణ మీకు ఇంకా రావనుకుంటే ఆ మాటే రాసి, ఏ కోర్సు ఏ సంవత్సరంలో పూర్తిచేస్తారో, అది మీ పరిశోధనలోని ఏ లక్ష్యానికి పనికొస్తుందో చూపండి. అన్నీ వచ్చినవారికి ఈ గ్రాంటుతో పనేముంది అన్న సందేహం సమీక్షకులకు రాకూడదు.

రెండవ సమాధానం:
మార్గదర్శకుల సంగతి కంటే మీ విభాగాధిపతి మాటే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. కె23కి మీ వృత్తి సమయంలో కనీసం 75 శాతం, అంటే ఏడాదికి 9 నెలల శ్రమ, పరిశోధనకూ శిక్షణకూ కేటాయించాలి. వారానికి పది పూటల్లో రెండు పూటల క్లినిక్ అంటేనే 20 శాతం, దానికి ఆరు వారాల వార్డు డ్యూటీ కలిస్తే మీ లెక్క 25 శాతం దాటిపోతుంది. కొన్ని శస్త్రచికిత్స విభాగాలకు 50 శాతం మినహాయింపు ఉంది కాని, అది నెఫ్రాలజీకి వర్తించదు. ఉద్యోగ ఒప్పందంపై సంతకం పెట్టకముందే ఈ లెక్కను ఆయన ముందుంచి, సంస్థ తరఫున ఇచ్చే లేఖలో పూటలతో సహా రాయించుకోండి. సంతకం అయ్యాక అడిగితే, డ్యూటీకి మనిషి తక్కువైన ప్రతిసారీ మీ పరిశోధన రోజు మీదే పడతారు.

మూడవ సమాధానం:
గ్రీన్ కార్డు గురించి మాత్రం చెబుతాను. కె23 పొందేవారు గ్రాంటు మంజూరయ్యే నాటికి అమెరికా పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. దరఖాస్తు వేసే రోజుకు అది చేతిలో ఉండనక్కరలేదు. ఆ గడువులోగా వస్తుందన్న భరోసా లేకపోతే కె99/ఆర్00 అనే మరో ఎన్‌ఐహెచ్ గ్రాంటు వైపు చూడండి, దానికి పౌరసత్వ నిబంధన లేదు. మొదట గరిష్ఠంగా రెండేళ్లు మార్గదర్శకుల పర్యవేక్షణలో, తర్వాత గరిష్ఠంగా మూడేళ్లు స్వతంత్రంగా పనిచేసే పద్ధతి అది. అయితే ఈ ఆలోచన వాయిదా వేయకండి, పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాతి పరిశోధన శిక్షణ) అనుభవం నిర్ణీత కాలం మించినవారు దానికి అర్హులు కారు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. పూటల లెక్కను కాగితం మీద పెట్టి ఈ వారమే విభాగాధిపతి గారిని కలుస్తాను, లేఖ గురించి ప్రొఫెసర్ గారిని ఆ తర్వాత అడుగుతాను. నేను అనుకున్న రెండవ లక్ష్యం తొలి లక్ష్యం ఫలితం మీదే పూర్తిగా ఆధారపడి ఉంది. దాన్ని విడదీసి రాశాక ఒక పేజీ ఇక్కడ పెడితే మీలో ఎవరైనా చదివిపెట్టగలరా?