రేగడిలో సోక్ పిట్: మొదటి రోజు లెక్క నమ్మాలా, రెండో రోజుదా?

మిర్చి లెక్కలు (ధర్మాబాద్):
మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. అడ్తిలో మిర్చి బస్తాల లెక్కలు రాస్తాను. మట్టి లెక్కలు మాత్రం కొత్త. ఊరి చివర ఇల్లు కడుతున్నాం, ఆరుగురం ఉంటాం. డ్రైనేజీ లైను లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంక్, దాంట్లోంచి వచ్చే నీళ్లు మట్టిలోకి ఇంకడానికి సోక్ పిట్ అనే గుంత. మేస్త్రీ నాలుగడుగుల రింగులు ఎనిమిదడుగుల లోతుకు దించితే చాలంటాడు. "పరీక్ష ఎందుకన్నా, ఊరంతా ఇట్లనే కట్టుకున్నరు" అని ఒకటే మాట.

నేనే మూడడుగుల లోతు, జానెడు వెడల్పు గుంత తీసి చూశా. రెండు బిందెలు పోస్తే పది నిమిషాల్లో చుక్క మిగల్లేదు. మేస్త్రీ మీసం దువ్వాడు. నాకే నమ్మకం కుదరక సాయంత్రం నుంచి రాత్రి పది దాకా గుంత ఎండకుండా పోస్తూనే ఉన్నా. (మొక్క నాటకుండానే నీళ్లేంటని మా ఆవిడ నవ్వింది.) తెల్లారేసరికి జానెడు నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. గోడకు మేకు గుచ్చి స్కేలు పెట్టి చూస్తే అరగంటలో దిగింది 11 మిల్లీమీటర్లు. అదే గుంత. ఏది నిజం?

పత్తిచేను (కిన్వట్):
రెండోదే తమ్ముడూ. మే నెలలో రేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. నువ్వు పోసిన నీళ్లు మట్టిలో ఇంకలేదు, నెర్రెల్లో పడి పోయాయి. తడిస్తే ఆ మట్టి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుంటాయి.

మాదీ ఏప్రిల్‌లో తవ్వించిన గుంతే. మొదటి ఎండాకాలం బ్రహ్మాండం. ఆగస్టు రాగానే బాత్రూంలో బకెట్ ఒంపితే కమోడ్‌లో గుడగుడ. పొలాల పండగ రోజు వాకిట్లో ఎడ్లకు కొమ్ములకు రంగులేస్తుంటే గుంత మూత పక్కనుంచి నల్లనీళ్లు ఉబికి వచ్చి ఎద్దు కాళ్ల దాకా పారాయి. చుట్టాల ముందు పరువు పోయింది. ట్యాంకర్‌ను పిలిచి తోడించడం అప్పట్నుంచి ఏటా అలవాటైంది.

వంశధార గట్టు (గుణుపూర్):
మాకు దీనికి తలకిందులు. ఏటి పక్క ఇసుక నేల, ఎంత పోసినా తాగేస్తుంది. బాగుందనుకుంటే పొరపాటు, వడకట్టే తీరిక లేకుండా మురుగు నేరుగా బావిలోకే పోతుంది. బావి ఎంత దూరంలో ఉందో ముందు అది చూసుకోండి.

పాత ఓవర్సీర్ (రాయగడ):
సర్వీసంతా కొరాపుట్, రాయగడ జిల్లాల్లో గడిచింది. ఇలాంటి గుంతలు చాలానే తీయించాను. ఈ పరీక్షకు ఐఎస్ 2470 అని భారత ప్రమాణం ఉంది. 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు గుంత. పార తగిలి గోడలు నున్నగా పాలిష్ అయిపోతాయి, వాటిని గీకి గరుకు చేయాలి. ఇది ఎవరూ చేయరు! అడుగున 5 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు నీళ్లు మిగిలి ఉంటే కంకర మీద 15 సెంటీమీటర్లకు సరిచేసి అరగంట చూడాలి. మిగలకపోతే అరగంటకోసారి నింపుతూ 4 గంటలు చూసి, ఆఖరి అరగంట దిగుడే తీసుకోవాలి.

25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలన్నదే లెక్క. మీది 68. అది 30 లోపుంటే సోక్ పిట్, 60 దాకా ట్రెంచ్ (పొడవాటి కాలువ), దాటితే ఆ మట్టిలో ఇంకించే ఆలోచనే వదులుకోవాలి.

అయితే మూడడుగుల దగ్గర చూసి ఎనిమిదడుగుల గుంతకు తీర్పు చెప్పలేం. మీ వైపు రేగడి కింద మొరం (గరుకు గులక మట్టి) తగులుతుంది. అక్కడిదాకా తవ్వి, ఆ అడుగున మళ్లీ చిన్న గుంత తీసి చూడండి. బావి 18 మీటర్ల అవతల ఉండాలి. వానాకాలం వెళ్లాక బావి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కూడా చెప్పండి. సోక్ పిట్ అడుగు ఆ మట్టానికి 2 మీటర్లు పైన ఉండాలి.

మిర్చి లెక్కలు (ధర్మాబాద్):
సార్, ఐదడుగులకు మొరం తగిలింది. గడ్డపార చప్పుడే మారిపోయింది, అప్పటిదాకా మెత్తగా దిగింది కాస్తా కరకర. మీరు చెప్పినట్టే గీకి, నానబెట్టి చూశా. తెల్లారేసరికి నీళ్లు లేవు. 4 గంటలు నింపుతూ కూర్చుంటే ఆఖరి అరగంటలో 75 మిల్లీమీటర్లు దిగింది.

బావి 70 అడుగుల దూరం. ఇప్పుడు నీళ్లు 31 అడుగుల కింద ఉన్నాయి. కానీ మాకు గోదావరి మీద బాభళీ బ్యారేజీ ఉంది కదా. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూలై 1న గేట్లు ఎత్తుతారు, అక్టోబర్ 29న దించుతారు. దించాక గోదావరి వెనక్కి నిలుస్తుంది, మా బావులూ నిండుతాయి. పోయిన దీపావళికి నీళ్లు 16 అడుగుల లోతు కన్నా పైకి రాలేదని పక్క చేను కాకా చేదతాడు కొలిచి చూపించాడు.

పాత ఓవర్సీర్ (రాయగడ):
బాగా చేశారు. 25 మిల్లీమీటర్లకు 10 నిమిషాలు. ప్రమాణంలోని సూత్రం ప్రకారం 204ని ఆ 10 వర్గమూలంతో భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు సుమారు 65 లీటర్లు ఇంకుతాయి. ఆరుగురికి మనిషికి 135 లీటర్ల చొప్పున 810. అంటే పన్నెండున్నర చదరపు మీటర్ల గోడ కావాలి. గుంత అడుగు భాగం, పైనున్న ఐదడుగుల రేగడి లెక్కలోకి రావు.

బావి నీళ్ల మట్టం 16 అడుగుల్లో ఆ 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు తీస్తే, గుంత లోతు తొమ్మిదిన్నర దాటకూడదు. తొమ్మిదికి ఆపండి. మొరం గోడ నాలుగడుగులు దొరుకుతుంది. ఐదున్నర అడుగుల వ్యాసంతో రెండు గుంతలు తీస్తే సరిపోతుంది. మేస్త్రీ చెప్పిన ఒక్క గుంతలో పనికొచ్చే గోడ మూడున్నర చదరపు మీటర్లే. మొరం దగ్గర దించే రింగులకు చిల్లులు మరిచిపోవద్దు.

మిర్చి లెక్కలు (ధర్మాబాద్):
మేస్త్రీకి చెప్పా. "రెండు గుంతలా!" అని తలపట్టుకుని, కాసేపటికి రింగుల రేటు లెక్కేయడం మొదలెట్టాడు. తవ్వకం మాత్రం దీపావళి దాకా ఆపించా. ఇల్లు ఎలాగూ అప్పటిదాకా అవదు. బావి గోడకు 16 అడుగుల దగ్గర ఎర్ర రంగు గీత పెట్టించా. నీళ్లు ఆ గీత దాటితే మళ్లీ ఇక్కడికే వస్తా సార్, లోతు తగ్గించాలి కదా.