హన్మకొండ ఫాస్ట్ ఫుడ్ బండి నూడుల్స్ ఇంట్లో ఎందుకు రావు?

ప్రశ్న: చౌరస్తా బండి మీద ఎగ్ నూడుల్స్ పొడిపొడిగా ఉంటయి. ఇంట్లో అదే హక్కా ప్యాకెట్‌తో చేస్తే ముద్దయితున్నయి. తప్పెక్కడ?

జవాబు 1: అన్నా, ఉడకబెట్టే దగ్గరే సగం తప్పు. 150 గ్రాములకు లీటరున్నర నీళ్లు, చెంచా ఉప్పు. మధ్యలో కొంచెం పలుకు ఉండంగనే వార్చి, చన్నీళ్లు పోసి జిగురు కడగాలె. చెంచా నూనె కలిపి పళ్లెంలో పరిచి అరగంట ఆరబెట్టు. వేడివేడిగా కడాయిలో వేస్తే ముద్దే.

జవాబు 2: రెండో కారణం మంట. బండి బర్నర్ మంట ఇంటి పొయ్యికి రాదు, అందుకే ఒక్కసారికి ఒక్క ప్లేటే చెయ్యి. నలుగురికి కలిపి వేస్తే కడాయి చల్లబడి, క్యాబేజీ నీళ్లు వదిలి, వేగాల్సింది ఉడుకుతది. ఇనుప కడాయి పొగలొచ్చేదాకా కాగాలె. గుడ్డు ముందు వేయించి పక్కకు తీసి, కూరగాయలు నిమిషం మించకుండా తిప్పు. తర్వాత నూడుల్స్, చెంచా సోయా సాస్, అరచెంచా వెనిగర్, మిరియాల పొడి. సాస్‌లోనే ఉప్పుంటది, రుచి చూసినంకనే ఉప్పు వెయ్యి.

జవాబు 3: సాస్ కడాయి అంచు మీద పోస్తే వాసన బాగొస్తది. హక్కా అనేది కలకత్తాలో స్థిరపడ్డ చైనా సమూహం పేరు.

ప్రశ్న వేసినవారు: అజినమోటో తప్పనిసరా?

జవాబు 2: కాదు. వేసినా చిటికెడు చాలు.