బాంబులేసిన నాన్న గురించి కూతురు రాస్తే యుద్ధం ఎంత ఉండాలి?

పుస్తకాలసంచి: 'క్యాచ్ 22' నవల (1961) రాసిన జోసెఫ్ హెల్లర్ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబార్డియర్, అంటే విమానంలోంచి బాంబులు వదిలేవాడు. 1944లో కోర్సికా దీవి నుంచి బీ-25 అనే అమెరికా బాంబర్ విమానాల్లో 60 సార్లు దాడికెళ్లాడు. కూతురు ఎరికా 2011లో ఆయన గురించి పుస్తకం తెచ్చింది. అందులో ఎక్కువ ఇల్లు, అమ్మానాన్నల గొడవలు, విడాకులే. యుద్ధం తక్కువ. నాకిది లోటనిపించింది.

విశాఖసీను: లోటు కాదండి, తప్పు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు వైజాగ్ మీద బాంబులేసినప్పుడు మా నాయనమ్మ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని పల్లెకి పరిగెత్తింది, చచ్చేదాకా విమానం చప్పుడొస్తే చూరు కిందకి వెళ్లిపోయేది. ఆ బాంబు వేసినోడికీ పిల్లలుండే ఉంటారు, వాళ్లు రాస్తే మా నాయనమ్మ ఎక్కడుంటుంది అందులో?

నిదానం: సీను గారూ, బీ-25లు గుంపుగా వెళ్లినప్పుడు చాలాసార్లు ముందు విమానంలోవాడే గురి చూసేది, వెనకవాళ్లు అతను వదలగానే వదిలేవాళ్లు. అందరూ గురిపెట్టినట్టు మాట్లాడకండి.

విశాఖసీను: అయితే వదల్లేదా?

నిదానం: వదిలాడు. గురి వేరు అంటున్నా.

విశాఖసీను: కింద పడేదానికి ఆ తేడా తెలుస్తుందా!!

కొత్తపాఠకుడు: బాంబార్డియర్ ముక్కు భాగంలో గాజు గదిలో కూచుంటాడు కదా, కిందంతా కనపడేది అతనికే.

నిదానం: హెల్లర్ దాచుకున్న మనిషేం కాదు. 1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వంతెనల మీద దాడిలో తన విమానంలో గన్నర్‌కి తొడ మీద గాయమైతే కట్టు కట్టాడు, అప్పుడే తనకి చావు భయం పట్టిందని తనే చెప్పుకున్నాడు. ఆయన చెప్పిందే కూతురు మళ్లీ రాయాలా? ఆమె చూసింది ఇంట్లో నాన్నని. మీ ఇంట్లో ఎవరన్నా యుద్ధానికెళ్లారా అసలు? వెళ్లుంటే ఇలా అడగరు.

విశాఖసీను: ఆయన చెప్పుకున్న భయం కూడా పైనున్నవాళ్ల భయమేగా. యుద్ధానికెళ్లినోళ్ల ఇంట్లో పుడితేనే మాట్లాడాలా? మేం కింద ఉన్నోళ్లం!

పుస్తకాలసంచి: ఇద్దరూ కాస్త ఆగండి.

నిదానం: కోపంలో అనేశాను, క్షమించండి. మా నాన్న 71లో సిపాయి. మాకు చెప్పింది తిండి, చలి, స్నేహితులు, అంతే. పోయాక నేను ఆయన గురించి నలభై పేజీలు రాస్తే మా అన్నయ్య చదివి, నాన్న ఎవర్నన్నా చంపాడో లేదో ఇందులో లేదేంట్రా అన్నాడు. ఆ మాటకి పదేళ్లయింది, కాయితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. తెలీదు కాబట్టి రాయలేదని అన్నయ్యకి చెప్పా. నిజానికి ఆయన చివరి ఏడాదంతా పక్క మంచం మీద పడుకున్నా, అడగలేదు. చెప్తే నాన్న ఇంకోలా కనపడతాడేమోనని.

విశాఖసీను: అడిగుంటే చెప్పేవారంటారా?

నిదానం: ఒక రాత్రి మొదలెట్టాడు. నేనే లైటు ఆపేశా.