మెదడు పాఠాలు కథలుగా చెబుతున్నవాళ్లు ఉన్నారా?

పాలమూరు ఫిజియాలజీ:
మహబూబ్‌నగర్‌లో ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాది వాళ్లకు నాడీ వ్యవస్థ చెబుతాను. కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగం హిప్పోకాంపస్ గురించి పరీక్షలో చక్కగా రాస్తారు, సెలవులు ముగిసి వచ్చేసరికి మరిచిపోతారు. ఈసారి హెన్రీ మొలైసన్ అనే రోగి కథతో మొదలుపెట్టాను. మూర్ఛ తగ్గాలని 1953లో ఆయన మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్‌ను చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ కొత్త విషయం ఏదీ గుర్తుండేది కాదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకూ మెరుగైంది. ముందురోజు గీసిన సంగతే ఆయనకు తెలియదు! అక్కడ ఆపి, "మరి నేర్చుకున్నది ఎవరు?" అని అడిగితే వెనక బెంచీల వాళ్లు కూడా వాదనకు దిగారు. మీరు ఏ కథలు వాడుతున్నారు?

నల్లగొండ సైకియాట్రీ:
మొదటి ఏడాదికి అవి చాలు. వార్డుకు వచ్చాక మన కథలే కావాలి. నేను చెప్పేది ఇది: కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన మనిషి రెండు రోజులు బాగానే ఉంటాడు. మూడో రాత్రి చేతులు వణుకుతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైన్ పీకేస్తాడు. విద్యార్థులందరూ తలకు దెబ్బ తగిలిందంటారు, స్కాన్ రాయమంటారు. "ఇంట్లోవాళ్లను ఏమైనా అడిగారా?" అంటాను. అప్పుడు భార్య మాట బయటికి వస్తుంది: పొద్దునా సాయంత్రం కల్లు, ఆసుపత్రికి వచ్చాక చుక్క లేదు. ఆ కల్లులో ఆల్ప్రజోలమో, డయాజిపామో, క్లోరల్ హైడ్రేటో కలిపి ఉంటే, మెదడు ఆ మత్తుకు అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా ఆగితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ. మెదడులో ఆ మత్తు పనిచేసే చోటు, గాబా రిసెప్టర్, ఏమిటో ఆ తర్వాత ఎవరూ మరిచిపోరు.

సంశయాత్మ:
కథలకు నేను వ్యతిరేకిని కాను. కానీ అమెరికా రైలుమార్గం పనివాడు ఫినియస్ గేజ్ సంగతి చూడండి. 1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయింది, మంచివాడు కాస్తా మొరటువాడయ్యాడు. ప్రతి తరగతిలో కథ ఇక్కడితో సమాప్తం. ఆ తర్వాత ఆయన చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడు. వేళకు లేవాలి, గుర్రాలను అదుపులో పెట్టాలి, ప్రయాణికులతో మాట్లాడాలి. చాలావరకు కోలుకుని ఉంటాడని అందుకే కొందరు పరిశోధకులు అంటారు. ఈ ముక్క కలిపితే కథ పదును పోతుంది కాబట్టి వదిలేస్తారు. పాఠం గట్టిగా గుర్తుండేట్టు చెప్పేవాళ్లు తప్పును కూడా గట్టిగా గుర్తుండేట్టే చెబుతారు.

వార్డు అక్క:
నేను నర్సును, పాఠాలు చెప్పను. కానీ మీ పిల్లలు కేసు రాసుకునే తీరు రోజూ చూస్తాను. "కాళ్ల బలహీనత, ఆరు నెలలు" అని ఒక గీత గీసి వెళ్లిపోతారు. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కాసేపు కూర్చుంటే వరసగా తనే చెప్పింది. మొదట మెడ తిరగడం మానేసిందట, వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేదట. తర్వాత నడుము వంగింది. ఆ తర్వాత చేనుకు వెళ్తుంటే చెప్పు ఊడిపోయేది. "ఊడినట్టు తెలిసేదా?" అని అడిగాను. "తెలిసేది కాదు బిడ్డా, ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు, మనవడు వెనక తెచ్చి ఇచ్చేవాడు" అంది. తెలిసి జారితే కండరం బలహీనత, తెలియకుండా జారితే స్పర్శ పోయినట్టు అని మా పెద్ద డాక్టరు గారు అంటుంటారు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కిన కథ అంతా ఆ చెప్పులోనే ఉంది. పిల్లలకు కథ చెప్పడం సరే సార్, వినడం ఎవరు నేర్పుతారు?

రెండో ఏడాది, హాస్టల్:
అక్కా, నిజమే. మేము ఒక ప్రయత్నం చేశాం. బుర్రకథలో హాస్యపు వంత అడ్డుతగులుతూ అడుగుతాడు కదా, అలా ఒకరిని పెట్టుకున్నాం. అడగడానికి మేము సిగ్గుపడే ప్రశ్నలన్నీ వాడే అడుగుతాడు. మతిభ్రమకూ మతిమరుపు జబ్బుకూ తేడా అలాగే తలకెక్కింది. ఒక సందేహం: జాతరలో మా మేనత్తకు పూనకం వస్తుంది. ఆ కథను మానసిక వ్యాధిగా చెప్పవచ్చా సార్?

నల్లగొండ సైకియాట్రీ:
జాతరలో, అందరూ ఎదురుచూసే వేళకు వచ్చి, మర్నాడు మామూలుగా పనికి వెళ్తే వ్యాధి కాదు. వేళాపాళా లేకుండా, ఆమెకు ఇష్టం లేకుండా వచ్చి, ఇంటి పని ఆగిపోతుంటే తీసుకురా. ఏ కథ చెప్పినా ఊరు, వృత్తి మార్చు. మన దగ్గర మండలం పేరూ, చేసే పనీ చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది.

పాలమూరు ఫిజియాలజీ:
మొలైసన్ కూడా బతికినంత కాలం లోకానికి హెచ్.ఎం. మాత్రమే. 2008లో చనిపోయాకే పేరు బయటపెట్టారు. సంశయాత్మ గారూ, గేజ్‌ను ఇకపై చిలీ దాకా తీసుకెళ్తాను. అక్కా, మీ చెప్పు కథ, ఊరి పేరు తీసేసి, తరగతిలో వాడుకోవచ్చా? పక్షవాతం వచ్చి ఎడమ పక్కను పట్టించుకోని రోగుల గురించి ఇలాంటిదే ఎవరి దగ్గరైనా ఉంటే రాయండి, ఆ ధ్యాసను చూసుకునే మెదడు భాగం, పరైటల్ లోబ్, వచ్చే వారం మొదలవుతుంది.